గుండె మీద వేసిన అనుమానం

ల్యాబులో నా వెనకాల నాకొక పేరు ఉండేది. ఇందులో ఎవరి పేరూ చెప్పదలచుకోలేదు కాబట్టి అదీ చెప్పను. దాని భావం మాత్రం, ఈవిడ తన నీడను కూడా నమ్మదు అని. నాకేమీ కోపం వచ్చేది కాదు. రక్తం పరీక్ష చేసే చోట అందరినీ నమ్మేసే మనిషికి పనేముంది? ట్యూబు మీద అంటించిన పేరు ఆ మనిషిదేనా, మెషిను పొద్దున్నే సరిగ్గా లేచిందా, కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ వెచ్చబడిందా, ఇవన్నీ అనుమానించడానికే నాకు జీతం ఇచ్చారు. రిటైరయ్యాక ఆ అలవాటు నాతోపాటు ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు దాని బాధ పాలవాడూ మా ఆయనా పడుతున్నారు.

కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న పిల్లలు మీరు. మీ మెషిన్లు మా మెషిన్లకన్నా తెలివైనవి, ఒప్పుకుంటాను. తెలివైన మెషిను చెప్పిన అంకె కూడా మనిషిని ఎట్లా తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి నాకొక డ్రైవరు కథ ఉంది. వినండి. విన్నాక నన్ను కూడా కాస్త అనుమానించండి, తప్పులేదు.

మా ల్యాబు చెన్నై మైలాపూరులో ఒక పాత ఇంట్లో ఉండేది. నేను తొండియార్‌పేట నుంచి రోజూ వచ్చిపోయేదాన్ని. యజమానిది ఆచారం గల కుటుంబం. ల్యాబు పెట్టినా ఇల్లు ఇల్లే అనేవాడు. లోపలికి వచ్చేవాళ్ళు ఎంతటివాళ్ళయినా గడప బయట చెప్పులు విడవాల్సిందే. కరోనా తర్వాత ఆ చెప్పుల వరుస వీధి దాకా పెరిగింది. అంతకుముందు జబ్బు చేసినవాళ్ళు వచ్చేవాళ్ళు, ఆ తర్వాత జబ్బు లేనివాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఎవరో కుర్రాడు జిమ్ములో కుప్పకూలాడని ఫోన్లో చూడటం, మర్నాడు పొద్దున్నే చొక్కా చెయ్యి మడుచుకుని వచ్చి హార్ట్ ప్యాకేజీ చెయ్యమనడం. డాక్టరు చీటీ అక్కర్లేదు. అడిగినవాళ్ళకు అడిగినట్టు చేసిపెట్టేవాళ్ళం.

ఆ ప్యాకేజీలో కొవ్వు, షుగరు పరీక్షలతో పాటు సి.ఆర్.పి. అనే పరీక్ష ఉంటుంది. దాని గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా, మంట ఉన్నా, చీము ఉన్నా కాలేయం ఒక ప్రొటీనును రక్తంలోకి వదులుతుంది. మామూలు మనిషిలో అది చాలా తక్కువ ఉంటుంది. ఆ తక్కువలోనే కాస్త ఎక్కువగా, ఎప్పుడూ ఎక్కువగా ఉంటే గుండె రక్తనాళాల గురించి ఆలోచించాలని పెద్దలు తేల్చారు. మూడు దాటితే జాగ్రత్త అంటారు. పది దాటితే మాత్రం గుండె సంగతి పక్కన పెట్టి, ఒంట్లో ఇన్ఫెక్షను ఎక్కడుందో ముందు వెతకమంటారు. అది తగ్గాక మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఎందుకంటే ఈ పరీక్ష మంట ఉందని చెబుతుంది గానీ ఎక్కడో చెప్పదు. అపార్ట్‌మెంటు మెట్ల మీద మాడు వాసన వస్తుంది చూడండి, ఏ ఇంటి పొయ్యి మీద మాడిందో తలుపు తట్టి అడిగితే తప్ప తెలియదు.

ఈ ముక్క రిపోర్టుల మీద సంతకం పెట్టే మా డాక్టరమ్మకు తెలుసు, నాకు తెలుసు. మా రిపోర్టుకు మాత్రం తెలియదు. దాన్ని తయారు చేయించింది మా మార్కెటింగ్ మేనేజరు. విజయవాడ నుంచి డబ్బింగు సీరియళ్ళకు మాటలు రాద్దామని చెన్నై వచ్చి, ఆ అవకాశాలు సన్నగిల్లి, ఇటు వచ్చినవాడు. మాటలు రాసే తీట అతనికి పోలేదు. రిపోర్టు మొదటి పేజీలో గుండె బొమ్మ పెట్టించాడు. అంకె తక్కువైతే పచ్చ గుండె, మధ్యలో అయితే పసుపు, మూడు దాటితే ఎర్రగా మెరిసే గుండె. దాని కింద "మీ గుండె మిమ్మల్ని పిలుస్తోంది" అని తమిళంలో, ఇంగ్లీషులో ఒక వాక్యం. మూడు దాటితే ఎర్ర గుండె, ముప్పై దాటినా అదే ఎర్ర గుండె.

పది దాటితే ఆ బొమ్మ రాకూడదని డాక్టరమ్మ మొదటి వారమే చెప్పింది. "సాఫ్ట్‌వేరు వాళ్ళకు చెప్పానండి, చేసేస్తారండి" అనేవాడు మేనేజరు. నెలలు గడిచినా వాళ్ళు చేస్తూనే ఉన్నారు. రిపోర్టు చివరి పేజీలో ఒక గుండె ఆసుపత్రి ప్రకటన ఉండేది. ఆ ప్రకటనకూ సాఫ్ట్‌వేరు ఆలస్యానికీ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం. రుజువు లేదు.

ఆ ఏడాది ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, అమ్మవారి తిరునాళ్ళు అప్పుడే ముగిశాయి. బడి బస్సులు నడిపే కాంట్రాక్టరొకడు తన డ్రైవర్లందరికీ హార్ట్ ప్యాకేజీ చేయించాడు. ఏదో ఊళ్ళో డ్రైవరు స్టీరింగు మీదే వాలిపోయాడని విని పిల్లల తల్లిదండ్రులు అతని మీద పడ్డారట. ఇది నిజంగా గుండెల కోసమా, వయసైన డ్రైవర్లను వదిలించుకునే దారా అని నాకు అప్పుడే ఒక అనుమానం పుట్టింది.

శాంపిళ్ళు తెచ్చింది మా కలెక్షన్ మనిషి. పెళ్ళాం పిల్లలున్నవాడు, వ్యాసర్పాడిలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం, నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. ఆ బ్యాచిలో అన్నీ మామూలుగానే వచ్చాయి. ఒక్క ట్యూబు మాత్రం మెషిను కొలవగలిగిన హద్దు దాటిపోయింది. పల్చన చేసి మళ్ళీ పెట్టాను. పదికి ఎన్నో రెట్లు వచ్చింది. మెషినును అనుమానించి కంట్రోలు, అంటే అంకె ముందే తెలిసిన శాంపిలు, నడిపాను, అది శుభ్రంగా ఉంది. రసాయనాల సీసాను అనుమానించాను, అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది మనిషి. కలెక్షన్ అతన్ని పిలిచి ట్యూబులు తారుమారు చేశావా అని అడిగాను.

"తారుమారు చేసేదానికి ఈడ ఏముంది అక్కా? పేరు అడిగి, స్టిక్కరు అంటించి, ఆ పైన్నే సూది గుచ్చతా. నా పెండ్లాం కూడా నన్ను ఇట్ల చూడదు."

"ఆ డ్రైవరు ఎట్లా ఉన్నాడు? జ్వరంగా ఉన్నాడా?"

"బాగానే ఉండాడు. కొంజెం సోలిపోయినట్టు ఉండాడు, అంతే. దేవుడు ఎదురుగా వచ్చి నిలబడినా నువ్వు కంట్రోలు నడపమంటావు అక్కా."

నవ్వాడు గానీ మనసు కష్టపెట్టుకున్నాడని తెలిసింది. ఆ రిపోర్టును కంప్యూటర్లో ఆపి, మనిషిని మళ్ళీ పిలిచి అడగాలని డాక్టరమ్మకు చెప్పాను. సరేనంది. మర్నాడు మా చెల్లెలి కూతురి సీమంతానికి సెలవు పెట్టాను. తిరిగి వచ్చేసరికి రిపోర్టు వెళ్ళిపోయింది, మొదటి పేజీలో ఎర్ర గుండెతో సహా.

"ఆపిన రిపోర్టు ఎట్లా పోయింది?" అని మేనేజరును నిలదీశాను.

"బ్యాచి మొత్తం ఒకేసారి పంపామండి, అందులో అదీ పోయుంటదండి. మీరు ఒక్కటి ఆపితే కాంట్రాక్టరు పది ఫోన్లు చేశాడు మేడం గారూ. ఈ ల్యాబులో మీరు అనుమానపడని వస్తువేదైనా ఉందాండీ?"

"ఉంది. ఆ గోడ గడియారం. అది ఆగిపోయిందని నాకు ఖాయంగా తెలుసు" అన్నాను.

అతను నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆ రిపోర్టు చూసి కాంట్రాక్టరు డ్రైవరును బండి దించేశాడు. చివరి పేజీలో ఉన్న ఆసుపత్రిలోనే గుండె రక్తనాళాల పరీక్ష చేయించుకుని, బాగుందని కాగితం తెస్తేనే మళ్ళీ బస్సు ఎక్కమన్నాడు. దానికి వచ్చే వారం తారీకు కూడా తీసుకున్నారని తెలిసింది.

డ్రైవరు ల్యాబుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, మాసిన గడ్డం. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతల, చెప్పుల వరుస పక్కన నిలబడి రిపోర్టు చూపిస్తూ అక్కడి నుంచే మాట్లాడాడు. కాళ్ళకు బూట్లు, సాక్సులు ఉన్నాయి. మన ఎండల్లో డ్రైవరు బూట్లు వేసుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

"ఇది నా నెత్తురు కాదు మేడం. నా గుండెకు ఏం రోగం? మెట్లు ఎక్కుతా ఉండా, బండి తోల్తా ఉండా. ముసిలోళ్ళని తీసేసేదానికి మీరూ వాడూ కలిసి చేసిన పని ఇది."

"లోపలికి వచ్చి కూర్చుని మాట్లాడు బాబూ. బూట్లు ఆడ విప్పి రా."

"నేను ఈడే ఉంటా. లోపలికి యాల? తీసుకుంటే ఈడే తీసుకో నెత్తురు. నీ కండ్ల ముందర తీసుకో."

తాగి వచ్చాడేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే తాగిన వాసన లేదు, విభూతి వాసన వచ్చింది. పొగరేమో అనుకున్నాను. కళ్ళల్లో పొగరు లేదు, బెదురుంది. అతను నన్ను అనుమానిస్తున్నాడు, నేను అతన్ని అనుమానిస్తున్నాను, ఇద్దరి మధ్యా గడప. చివరికి వరండాలోనే స్టూలు వేసి నేనే స్వయంగా రక్తం తీశాను. జ్వరం, దగ్గు, పంటి నొప్పి, మూత్రంలో మంట, ఎక్కడైనా గాయం ఉందా అని వరుసగా అడిగాను. అన్నిటికీ లేదన్నాడు. గాయం అన్నప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

ఈసారి ఎవరూ ట్యూబు మార్చలేదు, తీసింది నేనే, పెట్టింది నేనే. అంకె మొదటిసారికన్నా పెరిగింది. అడక్కుండానే తెల్లకణాలు లెక్కపెట్టించాను, అవీ బాగా పెరిగాయి. మొదటి రిపోర్టు తిరగేసి చూస్తే రెండో పేజీలో షుగరు కూడా చాలా ఎక్కువ ఉంది. ఎర్ర గుండె మొదటి పేజీలో అంత మెరుస్తుంటే రెండో పేజీ ఎవరు చూస్తారు? కాంట్రాక్టరు చూడలేదు, డ్రైవరు చూడలేదు. ఆ బ్యాచిలో సి.ఆర్.పి. వెంట పడి నేనూ చూడలేదు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆవిడ తమిళావిడ, మెత్తటి మనిషి. "ఇది గుండె కాదు, ఒంట్లో ఎక్కడో పెద్ద ఇన్ఫెక్షను ఉంది. షుగరు ఇంత ఉన్న మనిషికి అది ఆగదు. ఆ గుండె పరీక్ష తారీకు దాకా ఆగితే మనిషి దక్కడేమో. వెంటనే ఆసుపత్రికి పొమ్మని చెప్పండి" అంది.

ఫోను చేశాను. ఎత్తలేదు. ఆవిడ చేసినా ఎత్తలేదు. మూడోసారికి స్విచాఫ్ చేశాడు. నాకు ఒళ్ళు మండింది. దాచేవాడి దగ్గరికి మనమే పోవాలి, వేరే దారి లేదు. డ్రైవరు చిరునామా కలెక్షన్ అతని పేటలోనే ఉంది, అతన్ని పిలిచి, పద వాళ్ళింటికి అన్నాను.

"ఇంగ నన్ను నమ్మతావా అక్కా?"

"దారి చూపించే వరకు నమ్ముతాను. నడువు."

వ్యాసర్పాడిలో రైలు పట్టాలకు దగ్గరగా, సందు లోపల సందులో ఇల్లు. పట్టపగలే లైటు వేసుకోవాల్సిన గది. తలుపు తీసింది అతని భార్య. పీలగా ఉంది, జుట్టు పొట్టిగా కత్తిరించినట్టు ఉంది. ముందు అనుమానంగా చూసింది, తెలుగు వినగానే మెత్తబడింది.

"రాండి అక్కా, కూసోండి. ల్యాబు నుంచే కదా? ఈయన గుండెకు ఏమయింది అక్కా? అడిగితే ఏమీ చెప్పడు. నాకు నిద్దర లేదు."

డ్రైవరు మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం పాలిపోయింది. ఇంట్లో కూడా సాక్సులు వేసుకునే ఉన్నాడు, ఒళ్ళో నుంచి కాళ్ళ దాకా తువ్వాలు కప్పుకున్నాడు. గదంతా సాంబ్రాణి పొగ. నేను పొగ వైపు చూడటం ఆమె గమనించింది.

"ఈ నడమ ఈయనకు భక్తి జాస్తి అయిపోయింది అక్కా. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేస్తానే ఉండాడు. మొన్న తిరునాళ్ళలో గుండం తొక్కినాడు గదా, ఆ నిష్ఠ ఇంగా పోలేదు."

నిప్పుల గుండం సంగతి చెప్పాలి, మీలో కొందరికి తెలియకపోవచ్చు. మా ఉత్తర చెన్నై వీధుల్లో ఆడి నెలలో అమ్మవారికి మొక్కుకుని, పసుపు బట్టలు కట్టుకుని, చేతికి కాప్పు, అంటే మొక్కు పసుపుతాడు, కట్టించుకుని, ఉపవాసాలుండి, నిప్పుల మీద నడుస్తారు. నిష్ఠగా ఉన్నవాడికి కాలదని నమ్మకం. కాలితే నిష్ఠలో లోపం ఉన్నట్టు, మొక్కు అమ్మవారు ఒప్పుకోనట్టు. అందుకే కాలినవాళ్ళు ఎవరూ కాలిందని చెప్పరు. నేను తొండియార్‌పేటలో పుట్టి పెరిగాను, ఇది నాకు తెలియంది కాదు. జ్వరమా, దగ్గా, పన్నా అని ఇన్ని అడిగినదాన్ని, నిప్పులు తొక్కావా అని మాత్రం అడగాలని తట్టలేదు. ఏ ల్యాబు ప్రశ్నల్లోనూ ఆ ప్రశ్న ఉండదు.

"ఎవరి కోసం మొక్కు?" అని అడిగాను.

"నా కోసమే" అంది ఆమె. "నాకు రొమ్ములో గడ్డ తీసినారు అక్కా. మందులు ఎక్కించినారు. బతకనని అనుకున్నారు అందురూ. అప్పుడు మొక్కుకున్నాడు. పోయినేడు తొక్కినాడు, దాని ముందేడు తొక్కినాడు, ఒక్క బొబ్బ కూడా లేదు. ఈ తూరి అయితే పూల మీద నడిచినట్టు ఎంత నిదానంగా నడిచినాడో. అందురూ దండం పెట్టినారు."

ఆమె అంత గర్వంగా చెబుతుంటే అతను తల వంచుకున్నాడు. అప్పుడు సాంబ్రాణి వెనక ఉన్న రెండో వాసన నాకు తెలిసింది. ఇన్నేళ్ళు ల్యాబులో పని చేసిన ముక్కు అది, చీము వాసనను ఏ పొగా దాని నుంచి దాచలేదు. లేచి అతని దగ్గరికి వెళ్ళి, సాక్సు తియ్యమన్నాను.

"వద్దమ్మా" అన్నాడు.

"నీకు గుండె జబ్బు లేదు. కాలు చూపించు."

"చూపిస్తా. ఆస్పత్రికి వచ్చి చూపిస్తా. ఈడ వద్దు. ఆమె ముందర వద్దు."

చాలా చిన్నగా అన్నాడు గానీ ఆ గదిలో వినపడకుండా ఏదీ అనలేరు. ఆమె వచ్చి నేల మీద కూర్చుంది. తువ్వాలు పక్కకు తీసి, కుడి కాలి సాక్సును తనే మెల్లగా లాగింది. అది కొంచెం వచ్చి ఆగింది, చర్మానికి అంటుకుపోయింది. నీళ్ళు తెమ్మని కలెక్షన్ అతనికి చెప్పి, తడిపి తీశాం. అరికాలు సగం లేచిపోయి ఉంది. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. ఎర్రటి వాపు చీలమండ దాటింది.

ఆమె ఏడవలేదు. "నాకు చెప్పకుండా ఎట్ల ఉండినావు?" అని అడిగింది.

"కాలిందని తెలిస్తే నువ్వేమనుకుంటావు? అమ్మ ఒప్పుకోలేదు, నాకు మల్లా గడ్డ వస్తాదని దినామూ చస్తావు. నువ్వు ఇప్పుడిప్పుడే అన్నం తింటా ఉండావు. నొప్పి కూడా లేదు, అదే మానిపోతాదని అనుకున్నా."

"గడ్డ వస్తే రానీ. వచ్చినా నువ్వు నడస్తా ఉంటే చాలు నాకు."

అంత మంట పుట్టించాల్సిన కాలికి నొప్పి లేదంటున్నాడు. నాకు అక్కడ చిక్కు విడిపోయింది. ఏళ్ళ తరబడి మందు లేని షుగరు కాళ్ళల్లో స్పర్శను తినేస్తుంది. పోయినేడు నిప్పు చురుక్కుమంటే అందరిలా గబగబా దాటేశాడు, కాలలేదు. ఈ ఏడు చురుకు తెలియలేదు. అమ్మ నిప్పును పూలు చేసిందనుకున్నాడు. ఆ దయకు మురిసిపోయి, నిదానంగా, దండాలు పెట్టుకుంటూ నడిచాడు. ఒళ్ళు చెప్పాల్సిన మాట చెప్పలేకపోతే దాన్ని దేవత మాట అనుకున్నాడు పాపం.

షుగరు ఉందని తెలుసా అని అడిగితే, ఎప్పుడో ఎవరో చెప్పారు, బడిలో తెలిస్తే బండి ఇవ్వరని మందు మింగలేదన్నాడు. కాలు కాలిన సంగతి కూడా అక్కడ తెలియకూడదు, బ్రేకు తొక్కే కాలు అది. పెళ్ళానికి తెలియకూడదు, కాంట్రాక్టరుకు తెలియకూడదు, ల్యాబుకు తెలియకూడదు. రక్తం మాత్రం దాచలేదు, అరిచి చెప్పింది. మేమే ఆ అరుపుకు గుండె బొమ్మ తగిలించి పంపాం.

ఆటో వాళ్ళు ఆ సందులోకి రామన్నారు. అంబులెన్సుకు ఫోను చేస్తే ఆలస్యమవుతుందన్నారు. నేను చేసిన తర్వాతి ఫోను మా మేనేజరుకు. ఎందుకు అతనికే చేశానంటే, అతనికి కారుంది, అతని ఎర్ర గుండె నాకింకా కళ్ళల్లో మండుతోంది. రెండు మాటలు గట్టిగా అందామనే చేశాను. అతను ఏమీ వాదించలేదు. సందు మొదట్లోకి కారు తెచ్చాడు. డ్రైవరును కలెక్షన్ అతనూ మేనేజరూ చేతుల మీద మోసుకొచ్చి ఎక్కించారు. పెద్దాసుపత్రి మెట్ల దగ్గర మేనేజరు అద్దంలో నుంచి నా వైపు చూసి, "మేడం గారూ, మా నాన్నకీ షుగరేనండి" అన్నాడు. అది పశ్చాత్తాపమో, నా నోరు మూయించడానికి అన్న మాటో నాకు ఈరోజుకీ తెలియదు.

రెండు వేళ్ళూ తీసేశారు. ఒక రోజు ఆలస్యమైతే కాలే తీయాల్సి వచ్చేదని, ఇంకా ఆలస్యమైతే మనిషే పోయేవాడని అక్కడి డాక్టరు చెప్పాడు. గుండె కూడా చూశారు, అది నిక్షేపంగా ఉంది. బస్సు మాత్రం పోయింది. వేళ్ళు లేని కాలితో బడిపిల్లల బస్సు నడపనివ్వరు, నడపకూడదు కూడా. కాంట్రాక్టరు తన బస్సుల షెడ్డులోనే గేటు దగ్గర పని ఇచ్చాడు. జాలితో ఇచ్చాడా, తన పేరు బయటికి రాకుండా ఇచ్చాడా అని నాకు అనుమానం వచ్చింది. వచ్చినా మింగేశాను, ఆ ఇంటికి ఆ పని అవసరం.

మా రిపోర్టులో పది దాటితే గుండె బొమ్మ రావడం ఆ వారమే ఆగిపోయింది. నెలల తరబడి కానిది ఒక పూటలో అయింది. డాక్టరమ్మ మేనేజరు కుర్చీ పక్కన నిలబడి చేయించింది. చివరి పేజీలో ఆసుపత్రి ప్రకటన మాత్రం నేను రిటైరయ్యేదాకా ఉంది, ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఆసుపత్రి వరండాలో డ్రైవరు భార్య నన్ను అడిగిన మాట ఒకటుంది. కట్టు కట్టిన కాలు చూసి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, "షుగరు వల్లనే కదా అక్కా కాలింది? నిష్ఠ తప్పినందుకు కాదు కదా? అప్పుడు ఆయన మొక్కు చెల్లినట్టే కదా?" అంది. ఇన్నేళ్ళుగా కంట్రోలు నడపకుండా ఒక్క అంకె కూడా బయటికి పంపని మనిషిని నేను. మొక్కులు చెల్లుతాయో లేదో నాకేం తెలుసు? చెల్లింది అన్నాను. ఆమె నమ్మింది. తర్వాత చాలా రోజులు ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

మరుసటి ఏడు ఆడి నెలలో, ఒక ఆదివారం పొద్దున, మా తొండియార్‌పేట ఇంటి తలుపు ఎవరో తట్టారు. ఆమె వచ్చింది. పసుపు చీర, చేతికి కాప్పు, ఉపవాసాలతో ఇంకా పీలగా. వెనకాల వాళ్ళాయన ప్రత్యేకంగా కుట్టించిన చెప్పులు వేసుకుని, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నిన్న గుండం తొక్కినా అక్కా. ఈయన కాలి కోసం మొక్కుకున్నా. నువ్వు కొట్లాడతావని చెప్పలేదు" అంది.

కొట్లాడాను. నోటికొచ్చినట్టు తిట్టాను. షుగరు చూపించుకున్నావా అంటే చూపించుకుని, లేదని తెలుసుకునే తొక్కానంది. అదీ నమ్మబుద్ధి కాలేదు. ఆమె ఇంకేమీ అనకుండా మా గడప మీద కూర్చుని, రెండు కాళ్ళూ నా వైపు చాపి, అరికాళ్ళు పైకెత్తింది.

"చూసుకో అక్కా. ఈ ఇంట్లో ఇంగ ఎవురూ ఏదీ దాచరు."

కళ్ళజోడు తెచ్చుకున్నాను. వాకిట్లో లైటు వేశాను. నేల మీద కూర్చుని ఆమె మడమలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు విడదీసి మరీ చూశాను. కొంచెం బూడిద తప్ప ఏమీ లేదు. చిన్న బొబ్బ కూడా లేదు.

"నమ్మినావా?" అని అడిగింది.

"రేపు మళ్ళీ రా, ఇంకోసారి చూస్తాను" అన్నాను.